సి క్యాంపు నుంచి ఒక విన్నపం

కర్నూలులో ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని మూడు పేటలున్నాయి. 1953 నుంచి 1956 దాకా మా ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన రోజుల్లో ఉద్యోగుల కోసం ఏర్పడినవి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ చేసిన బి అనే కంప్యూటర్ భాష మీద, 1972 ప్రాంతంలో డెన్నిస్ రిచీ సి భాష కట్టాడు. బి తర్వాత సి రావాలన్న ఊహ మాకు అంతకు చాలా ముందే తట్టిందని సవినయంగా మనవి చేస్తున్నాను. రాజధాని ఎటూ పోయింది. ఈ భాష మీదైనా మాకు కాస్త హక్కు రాసివ్వండి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, అర్థం కాకుండా సి ప్రోగ్రాం రాయడానికి అంతర్జాతీయ పోటీ ఒకటుంది. పేరు ఐఓసీసీసీ, అంటే ఇంటర్నేషనల్ ఆబ్‌ఫస్కేటెడ్ సి కోడ్ కాంటెస్ట్. 1984లో లాండన్ కర్ట్ నోల్, ల్యారీ బాసెల్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. యూనిక్స్‌లో (అదొక ఆపరేటింగ్ సిస్టం) మనం టైపు చేసిన ఆదేశాలను నడిపే షెల్ అనే ప్రోగ్రాంని స్టీవ్ బోర్న్ రాసిన తీరు చదివి బిత్తరపోయి పెట్టారట. ఆయన మాక్రోలతో, అంటే ఒక మాటకు బదులు ఇంకో మాట పెట్టే ఏర్పాటుతో, సి భాషకు ఆల్గాల్ అనే ఇంకో భాష వేషం వేశాడు మరి. పోటీలో ప్రోగ్రాం పని చెయ్యాలి, చదివినవాడికి మాత్రం కళ్లు తిరగాలి. ఇంత కాలంగా ఇది జరుగుతుంటే, ఈ విద్యలో తలపండిన రాయలసీమకు ఒక్క కబురు రాకపోవడం అన్యాయం.

తలపండిన అని ఊరికే అనలేదు. మా పక్కింటి మామ దస్తావేజు లేఖరి. ఆయన రాసిన క్రయపత్రంలో మొదటి ఫుల్‌స్టాప్ మూడో పేజీలో వస్తుంది. ‘నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగ స్వామ్య సహితముగా’ అని రెండు సెంట్ల స్థలానికి రాస్తాడు. అక్కడ నిక్షేపం సంగతి అటుంచండి, నీళ్ల కుళాయి కూడా లేదు. ‘పుత్ర పౌత్ర పారంపర్యముగా’ అన్నది ఎక్కడ ఆగాలో చెప్పని రికర్షన్, అంటే తనను తానే మళ్లీ మళ్లీ పిలుచుకునే ప్రోగ్రాం లాంటిది. కొన్నవాడు, అమ్మినవాడు, సాక్షులు ఎవరూ చదవరు, అందరూ సంతకం పెడతారు. అయినా రిజిస్ట్రేషన్ అవుతుంది. పోటీ వాళ్లు అడిగేది ఇదే కదా?

మామకు అంతర్జాతీయ స్థాయి చూపిద్దామని 1984 నాటి ఒక విజేత గురించి చెప్పాను. సిలో ప్రతి ప్రోగ్రామూ మెయిన్ అనే ఫంక్షన్‌తో, అంటే ఆదేశాల కట్టతో, మొదలవుతుంది. ముల్లెండర్, వాన్ రెనెస్సె ఆ మెయిన్‌ని ఫంక్షనే కాదన్నారు. దాన్ని వట్టి అంకెల వరసగా రాశారు. ఆ అంకెలే మెషీన్ కోడ్, అంటే యంత్రానికి నేరుగా అర్థమయ్యే ఆదేశాలు. పీడీపీ-11, వ్యాక్స్ అనే ఆనాటి రెండు రకాల కంప్యూటర్ల మీదా నడిచింది.

మామ ఆలోచించి, "అంటే సర్వే నంబర్లు మాత్రమే రాసి పత్రం ముగించినారన్న మాట. గట్టోళ్లే" అన్నాడు.

1988లో బ్రయన్ వెస్ట్‌లీ ప్రోగ్రాంని గుండ్రంగా రాశాడు. అది తన వైశాల్యాన్ని తనే లెక్కపెట్టుకుని పై (π) విలువ చెబుతుంది. ఇంకా కచ్చితమైన విలువ కావాలంటే ఇంకా పెద్ద గుండ్రం రాసుకోవాలి. 1994లో ఇంకొకరు వట్టి ఖాళీ ఫైలు పంపారు. సున్నా బైట్లు. నడిపితే ఏమీ రాదు, ఆ ఏమీ లేనిదే దాని నకలు కాబట్టి తనను తాను అచ్చు వేసుకునే అతి చిన్న ప్రోగ్రాం ఇదేనన్నారు. నిబంధనలను ఘోరంగా దుర్వినియోగం చేసినందుకు బహుమతి కూడా ఇచ్చారు. లోపల ఏమీ లేని ఫైలు ఏడు టేబుళ్లు తిరిగి, క్షేమంగా మొదటి టేబుల్‌కు రావడం నేను చూశాను. దానికెవరూ శాలువా కప్పలేదు.

భాష కూడా మన కోసమే పుట్టినట్టుంటుంది. సిలో అంకె ముందు సున్నా పెడితే అది అష్టాంశ పద్ధతి, అంటే పదులకు బదులు ఎనిమిదేసి చొప్పున లెక్క. 010 అంటే పది కాదు, ఎనిమిది. ఉల్లిగడ్డలు అమ్ముకున్న ఏ రైతునైనా అడగండి, పది బస్తాలు ఎనిమిదైపోయే ఈ గణితాన్ని తరుగు అంటారని చెబుతాడు. ఎ అనే పట్టీలోంచి ఒక విలువ తీయడానికి ఎ పక్కన బ్రాకెట్లో 5 అన్నా, 5 పక్కన బ్రాకెట్లో ఎ అన్నా కంపైలర్‌కు, అంటే ప్రోగ్రాంని యంత్ర భాషలోకి మార్చేదానికి, ఒకటే. లోపల అది రెండింటినీ కూడుకుంటుంది అంతే. మన పెళ్లి చర్చల్లో ‘మీ పిల్ల మా ఇంటికి, మా ఇల్లు మీ పిల్లకి’ అన్నట్టు.

శిక్షణకూ లోటు లేదు. నేను చదివిన కాలేజీలో సి ప్రోగ్రాంలు రాసే టర్బో సి నీలం రంగు తెర ముందు కూర్చోబెట్టి, ఐ విలువ 5 అయితే ఐ ప్లస్ ప్లస్ ప్లస్ ప్లస్ ప్లస్ ఐ (i++ + ++i) ఎంత అని అడిగేవారు. సిలో ప్లస్ ప్లస్ అంటే ఒకటి పెంచమని. ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ని అలా రెండుసార్లు మారిస్తే ఫలితం నిర్వచితం కాదని సి ప్రమాణమే చెబుతుంది. నేనూ అదే రాశాను. రెండు మార్కులు పోయాయి. పన్నెండు అని రాసినవాడు ఇప్పుడు టీమ్ లీడ్.

ఇన్ని అర్హతలున్నా మనం అప్లై చెయ్యలేకపోవడానికి అడ్డు ఒక్కటే. తన ప్రోగ్రాం ఎలా పని చేస్తుందో రాసినవాడే వివరంగా రాసి పంపాలట. గెలిస్తే ఆ వివరణను కూడా అందరికీ చూపిస్తారు. ఇది వినగానే మామ ముఖం మాడిపోయింది.

"చెప్పేస్తే ఇంగ మన దగ్గరికి ఎవరొస్తారప్పా? సరే, ప్రైజు ఎంత?"

"డబ్బేమీ ఉండదు మామా. పేరు వేస్తారు, అంతే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నావైపు జాలిగా చూశాడు. ఇంతలో గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు. చేతిలో ఇరవై ఏళ్ల కిందటి పత్రం, మామ రాసిందే. ఉత్తరం హద్దులో ఏముందో బ్యాంకు వాళ్లకు అర్థం కావడం లేదట. మామ దాన్ని వెలుతురుకు పట్టుకుని చదివాడు. తిప్పి చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"సవరణ పత్రం రాయాల. స్టాంపు ఖర్చులు వేరే" అన్నాడు.