పైన ఎవరున్నారండీ?

(ఐర్లండ్‌లో విక్లో కొండలు. గ్లెండలాక్ లోయలో రెండు సరస్సులు, పై సరస్సు ఒడ్డునే నిట్రంగా లేచిన స్పింక్ కొండ. మే నెల. "ఇంట్లో కూర్చుని పోట్లాడుకునే బదులు అలా కొండెక్కి పోట్లాడుకోండి" అని డబ్లిన్‌లో ఉన్న కూతురు పొద్దున్నే ఇద్దరినీ బస్సెక్కించింది. ఆవిడ చీర మీద రెయిన్‌కోటు, కాళ్ళకి కూతురి బూట్లు. ఆయనకి ఒక చేతిలో మ్యాపు, ఇంకో చేతిలో కర్ర. పూలనాస్ జలపాతం దాటి అడవి దారిలో పడ్డారు.)

ఆవిడ: ఏమండీ, మెట్లేవీ? ఆరువందల పైచిలుకు ఉంటాయంది అమ్మాయి. ఇందాకట్నుంచీ నడుస్తున్నాం, ఒక్క మెట్టు కనబడలేదు.

ఆయన: వస్తాయి. నేను గుర్తులు చూసుకునే నడుస్తున్నాను. అదుగో, ఆ స్తంభం మీద పసుప్పచ్చ రంగులో నడిచే మనిషి బొమ్మ. వాడి వెనకే పోతే చాలు.

ఆవిడ: తెల్ల బాణం చూసుకోమంది కదా అమ్మాయి?

ఆయన: తెల్లదైతేనేం, పచ్చదైతేనేం. దారి దారే.

ఆవిడ: ఆ మలుపు దగ్గర తెల్ల బాణం కుడివైపుకి చూపించింది. చెబుదామనుకున్నాను. మీరు ఎవరో మలోన్ గారి గురించి ఊపిరి తీసుకోకుండా చెబుతున్నారు.

ఆయన: జె.బి. మలోన్. పేపర్లో నడకల మీద కాలమ్ రాసేవాడు. ఈ విక్లో వే ఆలోచన 1966లో ఆయనే బయటపెట్టాడు. 1980లో మొదటి భాగం తెరిచారు. గుర్తులు పెట్టిన దూరపు నడకదారి ఈ దేశంలో ఇదే మొట్టమొదటిది, తెలుసా?

ఆవిడ: చాలా సంతోషం. ఇంతకీ ఆయన పచ్చమనిషి మనల్ని ఎక్కడికి తీసుకుపోతున్నాడు?

ఆయన: (మ్యాపు అటు తిప్పి, ఇటు తిప్పి) క్లోనెగాల్.

ఆవిడ: అదెంత దూరం?

ఆయన: డబ్లిన్‌లో మార్లీ పార్కు నుంచి లెక్కేస్తే దారి మొత్తం 130 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మనం మధ్యలో ఎక్కాం కాబట్టి...

ఆవిడ: ఎంతండీ?

ఆయన: ఇంకో 80.

ఆవిడ: సాయంత్రం బస్సుకి మనం తిరిగి రావాలి.

ఆయన: ఇక్కడ ఈ నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది.

ఆవిడ: వెలుతురుంటే? క్లోనెగాల్‌లో మీ మేనత్తగారున్నారా అన్నం పెట్టడానికి? తిరగండి వెనక్కి.

(వెనక్కి వచ్చారు. తెల్ల బాణం, దాని వెంటే మెట్లు. రైలు పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లతో కట్టిన మెట్లు. సన్నగా జల్లు మొదలైంది. ఆవిడ చకచకా ఎక్కుతోంది. ఆయన కాసిని మెట్లెక్కి, ఆగి, ప్రకృతిని పరిశీలిస్తున్నాడు. పైనుంచి దిగుతున్న ఒకావిడ "లవ్లీ డే!" అని నవ్వి వెళ్ళిపోయింది.)

ఆవిడ: ఎవరండీ ఆవిడ?

ఆయన: నాకేం తెలుసు?

ఆవిడ: తెలియకుండానే అంత నవ్వుతూ పలకరిస్తుందా?

ఆయన: కొండదారిలో ఎదురుపడితే ఇక్కడ ఎవరైనా పలకరిస్తారు.

ఆవిడ: మీరూ అన్నారుగా, "లవ్లీ, లవ్లీ" అని రెండుసార్లు! అక్కడ లిఫ్టులో ఎదురింటాయన నమస్కారం పెడితే ఫ్లోరు నంబరు చూస్తూ నిలబడతారు.

ఆయన: ఆయన నమస్కారం వెనక మెయింటెనెన్సు బాకీ ఉంటుంది.

ఆవిడ: అయినా వాన పడుతుంటే లవ్లీ డే ఏమిటి?

ఆయన: గాలితో అడ్డంగా కొడితేనే ఇక్కడ వాన. ఇది లెక్కలోకి రాదు.

ఆవిడ: సరే గానీ, పైన ఎవరున్నారు?

ఆయన: ఎవరుంటారు?

ఆవిడ: అదే, ఏ దేవుడు?

ఆయన: దేవుడెవరూ లేరు. వ్యూ ఉంటుంది.

ఆవిడ: (ఆగిపోయి) వ్యూ?

ఆయన: సరస్సు, లోయ, అవతల కొండలు. చాలా బాగుంటుందట.

ఆవిడ: మీ ఉద్యోగం పర్మనెంట్ కావాలని మొక్కుకుని అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కాను. పైన ఆయన ఉన్నాడు కాబట్టి కాళ్ళు వాటంతటవే లేచాయి. ఇక్కడ ఎవరూ లేనప్పుడు ఎవరి కోసమండీ ఎక్కడం?

ఆయన: ఆరోగ్యం కోసం.

ఆవిడ: కింద కార్లు పెట్టేచోట మీకు ఆరోగ్యం బాగానే ఉంది. మెట్లెక్కాకే పోతోంది.

(మెట్లయిపోయాయి. కొండ అంచు వెంబడే చెక్కబాట. రెండేసి స్లీపర్లు పక్కపక్కన, జారకుండా పైన ఇనుప వల. ఇద్దరు పక్కపక్కన నడవడానికి చోటు లేదు. కాబట్టి ముందు నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి, వెనకవాళ్ళు గొంతు పెంచి, పోట్లాట సాగుతోంది.)

ఆవిడ: కొండ మీద ఈ చెక్కలెందుకు? మెత్తటి నేలేగా, హాయిగా దిగి నడుద్దాం.

ఆయన: దిగకు! అది బాగ్. నీళ్ళలో నాచు కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్న నేల. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. జనం తొక్కి తొక్కి పాడుచేస్తున్నారనే ఈ చెక్కలు వేశారు. ఆ మట్టినే ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కాల్చుకునేవాళ్ళు.

ఆవిడ: పిడకలన్నమాట. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేదిగా? (ముక్కు ఎగబీల్చి) ఆగండి. కొబ్బరి వాసన. డబ్బాలో కొబ్బరి ఉండలున్నాయని నాకు తెలియకుండా తీశారా?

ఆయన: నేను తియ్యలేదు. అదుగో, ఆ పసుప్పచ్చ పూల ముళ్ళపొద. గోర్స్ అంటారు. పువ్వు కొబ్బరి వాసనేస్తుంది.

ఆవిడ: (వంగి వాసన చూసి) నిజమే. మరి మీ మూతికి అంటుకున్నదేమిటి?

ఆయన: ...

ఆవిడ: కర్రెందుకు తెచ్చారు, పాములకా?

ఆయన: ఈ దేశం అడవుల్లో పాములే లేవు. సెయింట్ పాట్రిక్ తరిమేశాడంటారు. అసలు సంగతేమిటంటే, మంచుయుగం అయ్యాక సముద్రం అడ్డమొచ్చి అవి రాలేకపోయాయి.

ఆవిడ: ఆయనే తరిముంటాడు. మరి కర్ర?

ఆయన: మోకాలికి.

ఆవిడ: మోకాలి నొప్పని ఇంట్లో చెబితే అమ్మాయి పంపించేదే కాదు.

ఆయన: అందుకే చెప్పలేదు.

ఆవిడ: బస్సులోంచి చూశాను, గొర్రెల వీపుల మీద ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. ఏమిటండీ అది?

ఆయన: ఎవరి గొర్రెలెవరివో తెలియడానికి. కొండ మీద అన్నీ కలిసి మేస్తాయిగా. మనం నడిచేది నేషనల్ పార్కు కాబట్టి సరే. మిగతా చోట్ల చాలా దారులు రైతుల పొలాల గుండా పోతాయి. ఎవరి పొలంలోనైనా నడిచే హక్కు ఇక్కడ లేదు. రైతు సరేనంటేనే దారి.

ఆవిడ: సరేనంటారా?

ఆయన: కుక్కల్ని తేకూడదు, తీసిన గేటు మళ్ళీ వెయ్యాలి. ఆ మాత్రం పాటిస్తే అంటారు.

ఆవిడ: చూడండి. వాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళని పొలంలో నడవనిస్తున్నారు. మీ అన్నయ్యగారు జానెడు గట్టు కోసం సొంత తమ్ముడి మీద కోర్టుకెక్కారు.

ఆయన: జానెడు కాదు, మూరెడు.

ఆవిడ: ఆ మూరెడు గట్టు మీద ఇన్నేళ్ళలో ఒక్కరైనా నడిచారా?

ఆయన: కేసు నడుస్తోందిగా.

(గాలికి కాస్త చాటున్న చోట కూర్చుని పులిహోర విప్పారు. కింద నల్లగా నిగనిగలాడుతూ పై సరస్సు. అక్కడే ఒక ఎండ చెక్క నీళ్ళ మీద పడి జరిగిపోయింది.)

ఆవిడ: బాగుంది. కాదనను. ఓ చిన్న గుడి ఉంటే ఇంకా బాగుండేది.

ఆయన: గుడి లేదు గానీ గుహ ఉంది. సరిగ్గా మన కిందే, నీళ్ళకి కాస్త పైన, రాతిలో. ఆరో శతాబ్దంలో కెవిన్ అనే సన్యాసి ఒంటరిగా తపస్సు చేసుకోవడానికి వచ్చి అందులో ఉన్నాడట.

ఆవిడ: తపస్సా! ఆ మాట మెట్ల దగ్గర చెబితే మీ సొమ్మేం పోయింది? ఎవరూ లేని కొండ అనుకుంటూ ఎక్కాను కదా! (గబగబా కళ్ళకద్దుకుని) ఏం మహిమలు చేశాడు?

ఆయన: చెయ్యి చాచి ప్రార్థన చేస్తుంటే అరచేతిలో ఓ నల్లపిట్ట గూడు పెట్టిందట. గుడ్లు పిల్లలై ఎగిరిపోయేదాకా చెయ్యి కదల్చలేదట.

ఆవిడ: ఓపికంటే అది. కుక్కరు మూడు విజిల్సు వేసేదాకా మిమ్మల్ని స్టవ్ దగ్గర నిలబడమంటే, పప్పు మాడింది, గిన్నె మాడింది.

ఆయన: అప్పుడు ఫోనొచ్చింది.

ఆవిడ: ఆయనకి రాలేదూ?

ఆయన: ఇంకో కథ కూడా ఉంది. కాథ్లీన్ అని ఓ అమ్మాయి ఆయన్ని ప్రేమించి గుహదాకా వెంటపడిందట. సరస్సులోకి తోసేశాడట.

ఆవిడ: (డబ్బా మూత పెట్టేసి) తోసేశాడా?

ఆయన: కథేనోయ్.

ఆవిడ: పిట్టకి చెయ్యిచ్చి, ఆడపిల్లని నీళ్ళలోకి తోస్తాడా? అదేం తపస్సు?

ఆయన: నన్ను కసురుతావేం? నేనేం చేశాను? డబ్బా ఇటివ్వు.

ఆవిడ: ముందు మీరు లేచి అంచువైపు కూర్చోండి. నేను ఇటువైపు వస్తాను. దిగేటప్పుడు కూడా మీరే ముందు.

(కొండ దిగి, వాగు మీద వంతెన దాటి, పూర్వం సీసం తవ్వినవాళ్ళ కూలిన ఇళ్ళ దగ్గరికి వచ్చారు. గోడ మీద నిలబడ్డ అడవిమేక ఒకటి సంచీ వైపే చూస్తోంది. ఆయన రాయి మీద కూలబడి బూటు లేసు వదులు చేశాడు.)

ఆవిడ: ఇప్పుడే ఆగితే ఎలా? సరస్సు పొడుగునా నడిస్తే గానీ బస్సు లేదు.

ఆయన: నీకీ కొండ నచ్చలేదుగా, మళ్ళీ ఈ తొందరేమిటి? గుడి ఉన్న కొండ కావాలంటే పడమటి వైపు పోవాలి. క్రోగ్ పాట్రిక్. 764 మీటర్లు. ఇందాక చెప్పిన పాముల పాట్రిక్‌దే. నలభై రోజులు ఉపవాసం ఉన్నాడట. జూలై ఆఖరి ఆదివారం వేలమంది ఎక్కుతారు. కొందరైతే ఉత్త కాళ్ళతో, ఆ రాళ్ళ మీద...

ఆవిడ: శిఖరం మీద గుడి ఉందా?

ఆయన: చిన్న చర్చి ఉంది. (నాలిక్కరుచుకుని) అయితే చాలా దూరమనుకో.

ఆవిడ: ఉపవాసం, ఉత్త కాళ్ళు, పైన గుడి. ఇది కదండీ కొండంటే! ఇంత మంచి సంగతి మోకాలితో పాటు దాచిపెట్టారా? జూలై ఆఖరికి మనం ఇక్కడే ఉంటాంగా?

ఆయన: ఉండం. మొదటి వారంలోనే టికెట్లు.

ఆవిడ: మార్పించండి. అమ్మాయికి ఫోను కొట్టండి.

ఆయన: ఈ లోయలో సిగ్నల్ లేదు.

ఆవిడ: బస్సులో వస్తుందిలెండి. ముందు ఆ లేసు కట్టుకోండి, మేక నమిలేస్తోంది.