పదకొండో రోజు ఫుటేజీ

నల్లగొండలో పానగల్లు పోయే రోడ్డు మీద మా మేనమామకు ఒక కిరాణ దుకాణం ఉంది. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల లోతు. పోయిన ఎండాకాలం అందులోంచి రెండు బట్టల సబ్బులు పోయాయి. పోయాయని మామ అంటాడు, లెక్క తప్పి ఉంటావని అత్త అంటుంది. ఇలాంటి భిన్నాభిప్రాయం వచ్చినప్పుడు బాధ్యత గల దేశాలు ఏం చేస్తాయో మా మామ కూడా అదే చేశాడు. రక్షణ బడ్జెట్ పెంచాడు. దుకాణంలో నిఘా కెమెరాలు పెట్టాలని తీర్మానించాడు.

రక్షణ శాస్త్రవేత్తగా నన్ను నియమించారు. నా అర్హత ఏమిటంటే, మూడేళ్ల కింద వాళ్లింట్లో ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగాను. నేను నిజాయితీగానే సలహా ఇచ్చాను. చిన్న దుకాణానికి కెమెరా బొమ్మలు రికార్డు చేసే డీవీఆర్ డబ్బా చాలు మామా, హార్డ్ డిస్కుతో కలిపి 15 వాట్లో ఎంతో తింటుంది, మూలన పడి ఉంటుంది అన్నాను. మామ దృష్టి మాత్రం అటక మీద ఉన్న పాత డెస్క్‌టాప్ మీద పడింది. మరదలు ఇంటర్ చదివేటప్పుడు కొన్నది. అది 80 వాట్ల దాకా లాగుతుంది, రోజంతా నడిపితే దాదాపు రెండు యూనిట్లు, నెలకు యాభై పైన అని లెక్క కట్టి చూపించాను.

"బంజారాహిల్స్‌ల పోలీసోళ్లు కమాండ్ కంట్రోల్ సెంటర్ కట్టిన్రు గదా. అండ్ల డబ్బా పెట్టిన్రా, కంప్యూటర్లు పెట్టిన్రా?"

2022లో మొదలైన ఆ టవర్ల గురించి నా దగ్గర జవాబు లేదు. డెస్క్‌టాప్ అటక దిగింది.

కొనుగోళ్లు మొదలయ్యాయి. నాలుగు ఐపీ కెమెరాలు, వాటికి కరెంటూ డేటా ఒకే తీగలో పంపే పీఓఈ స్విచ్, ఒక టెరాబైట్ డిస్కు, ఒక పెట్టె కేబుల్. ఈ కేబుల్ పెట్టెలో 305 మీటర్లు వస్తుంది. ఒక కెమెరాకు 100 మీటర్ల దాకా లాగవచ్చు. మా దుకాణంలో అన్నిటికంటే దూరపు కెమెరాకు ఆరు మీటర్లు పట్టింది. మిగిలిన దాని మీద అత్త బట్టలు ఆరేస్తోంది. రక్షణ పరిశోధన వల్ల పౌర జీవితానికి ఒరిగే లాభాలంటే ఇవే. మొత్తం ఖర్చు 22,000 రూపాయలు. పోయిన సబ్బులు ఒక్కోటి పది రూపాయలవి.

సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పైసా కాలేదు. లినక్స్ మీద నడిచి కెమెరా బొమ్మలను రికార్డు చేసే జోన్‌మైండర్ ఉచితం, దాని కోడు కూడా ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఇది మామకు నచ్చలేదు. సర్ఫ్ ప్యాకెట్ మీద సబ్బు ఫ్రీ అంటే ప్యాకెట్‌లో సర్ఫ్ తగ్గి ఉంటుందని నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. "ఊకె ఎందుకిస్తడు అల్లుడా?" అని వారం రోజులు అనుమానించాడు. పాస్‌వర్డ్ దగ్గర ఆ అనుమానమంతా ఎటు పోయిందో తెలియదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల వంటి పరికరాలను లక్షల లెక్కన లొంగదీసుకొని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టిందని చెప్పి, మార్చమన్నాను. మార్చాడు. బోర్డు మీద రాసి ఉన్న దుకాణం ఫోన్ నంబర్ పెట్టాడు, యాదికి ఉంటదని.

ఇక చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వంద మంది, అంతకు మించి వచ్చే చోట కెమెరాలు పెట్టాలి, ఫుటేజీ 30 రోజులు దాచాలి. మా దుకాణంలో అయిదుగురు నిలబడితే ఆరో మనిషి మెట్టు కింద ఉంటాడు. అయినా మామ "చట్టం ఉన్నది, పెట్టక తప్పది" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. పాటించే అవసరం లేని చట్టాన్ని ఇంత ఇష్టంగా పాటించిన పౌరుడిని నేను చూడలేదు.

మొదటి రాత్రి మామ ఫోన్ తెల్లారేదాకా మోగింది. కదలిక పట్టే పద్ధతిలో కంప్యూటర్‌కు దొంగ ఎవరో, దొర ఎవరో తెలియదు. ఇందాకటి బొమ్మలో చుక్కలకూ ఇప్పటి బొమ్మలో చుక్కలకూ తేడా ఎంతో లెక్క పెట్టి, గీత దాటితే అరుస్తుంది. రాత్రి కెమెరా తన చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసుకుంటుంది. దాని దగ్గరికి పురుగులు చేరతాయి. పురుగుల కోసం సాలెపురుగు వచ్చి సరిగ్గా అద్దం మీద గూడు కడుతుంది. దాని కోసం బల్లి వస్తుంది. అద్దానికి అంగుళం దూరంలో బల్లి ఎలా ఉంటుందో చూడని వాళ్లకు చెబుతున్నాను, సాగర్ డ్యాంలో మొసలిలా ఉంటుంది. అర్ధరాత్రి మామ కర్ర పట్టుకొని పోయి షటర్ ఎత్తితే, రెండో కెమెరా మామను దొంగగా గుర్తించి మళ్లీ ఆయన ఫోన్‌కే ఫొటో పంపింది.

ఇంత దగ్గర్లో ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊళ్లో ఈ అవస్థ ఏమిటి? కందూరు చోళుల కాలపు గుడి అది. గర్భగుడిలో లింగం వెనక ఒక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా పడి ఉంటుంది, సూర్యుడు ఎటు పోయినా సరే. అక్కడ మోషన్ డిటెక్షన్ పెడితే రోజుకు ఒక్క అలారం కూడా రాదు. ఆ శిల్పులు కట్టిన దాంట్లో నీడ కదలదు. నేను కట్టిన దాంట్లో ఫ్యాన్ గాలికి క్యాలెండర్ నీడ ఊగినా పానగల్లు రోడ్డంతా లేస్తుంది. చివరికి సెన్సిటివిటీ తగ్గించాను. ఎంత తగ్గిందంటే, ఒక పందికొక్కు అయిదు కిలోల పల్లీల సంచిని కెమెరా కింద నుంచే ఈడ్చుకుపోయినా కంప్యూటర్ నిద్ర లేవలేదు. అలారం మానేసి, రాత్రీ పగలూ అంతా రికార్డు చేద్దామని తీర్మానించాం.

అప్పుడు డిస్కు సంగతి తేలింది. ఒక్కో కెమెరా సెకనుకు రెండు మెగాబిట్లు పంపితే రోజుకు 21.6 జీబీ. నాలుగూ కలిపి 86 పైన. ఒక టెరాబైట్‌లో పదకొండున్నర రోజులు పడుతుంది. తర్వాత కొత్తది పాతదాన్ని తుడుచుకుంటూ పోతుంది. మా దిక్కు మనిషి పోతే పదకొండో రోజు దినాలు చేస్తాం. ఫుటేజీకి కూడా అంతే అన్నమాట. చట్టం అడిగే 30 రోజులకు రెండున్నర టెరాబైట్ల పైన కావాలి. బడ్జెట్ అయిపోయింది.

ఇది తెలియని వీధి మాత్రం అర్జీలతో వచ్చిపడింది. కోడి పోయిన వాళ్లు, బండికి గీత పడ్డ వాళ్లు, కోడలు ఎన్ని గంటల బస్సు ఎక్కిందో చూడాలనుకున్న ఒక అత్తగారు. ఎవరూ పదకొండు రోజుల లోపల రారు. పగ ముదరడానికి రెండు వారాలు పడుతుంది కాబోలు. ఒకసారి ఎలాగో ఆ గడువు లోపలే వచ్చిన వాళ్లకూ లాభం లేకపోయింది. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే గుండ్రటి సెల్లు అయిపోయి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ 2009లోకి వెళ్లిపోతోంది. అప్పటికి తెలంగాణ రాలేదు, ఆ కోడి పుట్టలేదు. సెల్లు మార్చాను. కోర్టుకు పోతే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఫుటేజీ హ్యాష్ విలువతో, అంటే ఫైలు మారలేదని చూపే గుర్తుతో, సర్టిఫికెట్ ఇవ్వాలని కూడా మామకు చెప్పాను. "సబ్బులకు గూడనా?" అని అడిగాడు. సబ్బులకు కూడా.

ఇన్ని జరుగుతున్నా రెండో కెమెరా గల్లాపెట్టెనూ, దాని పక్కన ఉద్దెర పుస్తకాన్నీ చూస్తూనే ఉంది. ఆ ఎర్ర అట్ట పుస్తకంలో రావలసింది నలభై వేల పైనే. అదంతా పట్టపగలు, నమస్తే పెట్టి, మంచీ చెడ్డా అడిగి పట్టుకుపోయిందే.

ఒకరోజు ఒక మేస్త్రీ వచ్చాడు. పది కిలోల బియ్యం, రెండు నూనె ప్యాకెట్లు తీసుకున్నాడు. మామ పుస్తకం తెరిచాడు.

"రాసుడెందుకు సేటూ, కెమెరాల పడ్డది గదా!"

మామ మొహం వెలిగిపోయింది. 22,000 పెట్టాక ఆ వ్యవస్థను గుర్తించిన మొదటి మనిషి. పెన్ను మూసేశాడు. ఆ మాట వీధంతా పాకింది. పుస్తకం రాయాలి మామా అని నేనంటే, నువ్వు పెట్టిన కంప్యూటర్ మీద నీకే నమ్మకం లేదా అన్నాడు.

పదమూడో రోజు మేస్త్రీ మళ్లీ వచ్చాడు. మామ బియ్యం పైసలు అడిగాడు.

"ఏం బియ్యం? సూపియ్యి సేటూ, ఇచ్చేస్త."

మామ నా దిక్కు చూశాడు. నేను ఫోల్డర్ తెరిచాను. అందులో అన్నిటికంటే పాత రోజు, ఆయన బియ్యం తీసుకున్న రోజుకు రెండు రోజుల తర్వాతది. మేస్త్రీ మానిటర్‌లో తనను తాను చూసుకొని, చేత్తో జుట్టు దువ్వుకొని, కొంచెం ఎడమకు జరిగాడు.

"కిలో కందిపప్పు ఇయ్యి సేటూ. ఇక్కడ నిలబడితే మంచిగ పడ్తనా?"