శాంతి అనే అచ్చుతప్పు

మాస్కో ఫాదర్లకు ఒక మనవి. కాగితంలో ఏముంటే అది చదవండి. సొంత తెలివి వద్దు.

2022 సెప్టెంబరులో, ఉక్రెయిన్ మీద యుద్ధం సాగుతుండగా, రష్యన్ ఆర్థోడాక్స్ చర్చి అధిపతి పేట్రియార్క్ కిరిల్ తన చర్చిలకు ‘పవిత్ర రుస్’ (రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ కలిసిన పాత నేల) కోసం ఒక ప్రార్థన పంపించారు. నీ బలంతో మాకు విజయం దయచేయమని దేవుణ్ణి అడగాలి. ఒక ఫాదరు ‘పబేదు’ అన్నచోట, అంటే విజయం అన్నచోట, ‘మీర్’ అని చదివారు. మీర్ అంటే శాంతి. రష్యన్ లిపిలో ఆరక్షరాలు తీసి మూడు పెట్టారు, నిజానికి పొదుపే. వింటున్నవాళ్లలో ఒకరు పైకి ఫిర్యాదు చేశారు. 2023 మేలో చర్చి కోర్టు ఆ ఫాదరు అంగీ విప్పించింది, అంటే ఫాదరు పదవి పీకేసింది.

ఆ విచారణ చూసే భాగ్యం మనకు లేదు కానీ, ఊహించుకోవడానికి అడ్డేముంది?

“శాంతి అన్నావా?”
“అన్నానండి.”
“ఎన్నిసార్లు?”
“చదివిన ప్రతిసారీ.”
“పాత నేరస్థుడే. ఎక్కడ నేర్చుకున్నావ్?”
“మత్తయి 5:9. సమాధానపరచువారు ధన్యులు.”
“ఎవరన్నారు?”
“యేసుప్రభువు.”
“ఆయన మన సైనాడ్, అదే బిషప్పుల పాలకసభ, అనుమతి తీసుకున్నాడా?”

మన తెలుగు బైబిల్లో శాంతి అంటే సమాధానం. అక్కడ సమాధానం కోరితే సంజాయిషీ అడుగుతారు. ఇంకో తిరకాసు: మీర్ అంటే ప్రపంచం కూడా. ‘రూస్కీ మీర్’, రష్యన్ ప్రపంచం, పేట్రియార్కు గారి నోట నిత్యం ఆడే మాటే. ఉక్రెయిన్‌ను మింగే మీర్ ముద్దు, వదిలేసే మీర్ అయితే అంగీ గోవిందా.

కొలతల్లో మాత్రం వీళ్లు పొరబడరు. 2020లో మాస్కో శివార్లలోని కుబింకా దగ్గర ప్రతిష్ఠించిన సైనిక కతీడ్రల్లో ప్రధాన గుమ్మటం వ్యాసం 19.45 మీటర్లు, జర్మనీతో యుద్ధం 1945లో ముగిసింది గనక. చిన్న గుమ్మటం ఎత్తు 14.18 మీటర్లు, ఆ యుద్ధం 1418 రోజులు గనక. గంటల గోపురం 75 మీటర్లు, గెలిచి 75 ఏళ్లయింది గనక. మెట్లలో జర్మన్ల దగ్గర పట్టిన ఆయుధాల ఇనుము కరిగించి పోశారు. ఇన్ని అంకెల్లో 5:9 మాత్రం ఇమడలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2022 సెప్టెంబరు 21న పుతిన్ పాక్షిక సైనిక సమీకరణ ప్రకటించాడు. నాలుగోరోజు ఆదివారం ఇదే పేట్రియార్కు, విధి నిర్వహణలో చనిపోయిన సైనికుడి పాపాలన్నీ ఆ త్యాగమే కడిగేస్తుందని ప్రసంగించారు. సిగ్గుండక్కర్లేదా? పిలుపు కాగితం పట్టుకుని వణుకుతున్న కుర్రాడికి చంపొద్దని చెప్పాల్సిన నోరది! చచ్చినవాడి పాపం కడిగారు సరే, వాడు కూల్చిన ఇంట్లో పిల్లల లెక్క ఎవరు చూస్తారయ్యా?

ఈ చర్చి ప్రపంచ చర్చిల మండలిలో చేరింది 1961లో, మన ఢిల్లీ సభలోనే. 2022లో వెలివేయాలన్న మాట వచ్చినా, సంభాషణ తెగకూడదని మండలి ఉంచేసుకుంది. మూడక్షరాల ఫాదరుకు కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్కేటు, అంటే ఆర్థోడాక్స్ చర్చిల్లో మొదటి గౌరవం దక్కే ఇస్తాంబుల్ పీఠం, అంగీ తిరిగిచ్చి, టర్కీలోని అంతాల్యాలో ఆరాధనకు పెట్టింది. మాస్కోతో సంభాషణ సాగుతూనే ఉందట.