ఏ కణమో తేలకుండా ఇంజెక్షన్ వద్దు

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన పెద్దాయనకు ‘మూలకణ (స్టెమ్ సెల్) చికిత్స’ మాట ఇప్పుడు ఫోన్‌లోనే చేరుతోంది. అలాంటి ప్రకటనల్లో ఒక మోసం ఉంటుంది. చెప్పేదేమో పిండ మూలకణాల గొప్ప, సిరంజిలో ఉండేదేమో మన కొవ్వు నుంచో మజ్జ నుంచో తీసిన వయోజన కణాలు. ఈ రెండూ ఒకటి కావు.

ఫలదీకరణ జరిగిన అయిదారు రోజులకు పిండం నూరు, రెండొందల కణాల బుడగలా ఉంటుంది. దాని లోపలి ముద్ద నుంచి తీసేవే పిండ మూలకణాలు. మనిషి పిండం నుంచి వీటిని 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం వేరుచేసింది. ఇవి గుండె, నరం, ఎముక, దేనిగానైనా మారగలవు. ముప్పు కూడా అక్కడే ఉంది. మారకుండా మిగిలిన కణాలు ఒంట్లోకి పోతే టెరటోమా అనే గడ్డ కట్టొచ్చు. అందులో వెంట్రుకలు, పన్ను, కండ అన్నీ కలగాపులగంగా పెరుగుతాయి. పైగా అవి పరాయి కణాలు, ఒళ్లు తిప్పికొడుతుంది. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా ఎలుక చర్మకణాలను వెనక్కి తిప్పి పిండం వాడకుండానే ఇలాంటి కణాలు చేసి చూపారు గానీ, గడ్డ భయం వాటికీ ఉంది.

వయోజన కణాలకు అంత సత్తా లేదు. మజ్జలో ఉండే రక్త మూలకణం రక్తాన్నే చేస్తుంది. ఆ హద్దు వల్లే దాన్ని నమ్మి వాడగలుగుతున్నాం. తలసేమియా, లుకేమియా లాంటి రక్తజబ్బుల రోగులకు చేసే మజ్జ మార్పిడి ఇదే. దాతకు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లిచ్చి కణాలను రక్తంలోకి రప్పిస్తారు. రోగి బరువులో కిలోకు కనీసం 20 లక్షల కణాలు కావాలి. తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ (సొంత కణమో పరాయిదో ఒళ్లు పోల్చుకునే గుర్తులు) పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. కలిసినా దాత కణాలు రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద తిరగబడొచ్చు.

కంటి సంగతి ఇంకా స్పష్టం. తాంబూలం సున్నం ప్యాకెట్ నొక్కితే చిట్లి పిల్లల కళ్లలో పడుతుంది. వెంటనే ధారగా నీళ్లు పోసి, రెప్పల కింద చిక్కిన సున్నం కూడా పోయేదాకా కడగాలి. ఆలస్యమైతే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు మాడిపోతాయి, తెల్లగుడ్డు పొర దాని మీదికి పాకుతుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు తెచ్చిన పద్ధతిలో బాగున్న కంటి అంచు నుంచి 2 మి.మీ. ముక్క తీసి, ఎనిమిది పది తునకలు చేసి, ఉమ్మనీటి పొర పరిచి, దాని మీద జిగురుతో అంటిస్తారు. రెండు కళ్లూ పోతే సొంత ముక్క దొరకదు. బంధువుదో, మరణించిన దాతదో తెచ్చి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి.

బొడ్డుతాడు రక్తమూ వయోజన కోవలోదే. బిడ్డకే తలసేమియా ఉంటే, దాచుకున్న ఆ రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. దాన్ని దాచే బ్యాంకుకు డబ్బు కట్టేముందు కాన్పు ఇంట్లో ఎవరైనా ఈ మాట చెప్పాలి.

షుగరుకు, ఆటిజానికి, ఫ్లోరోసిస్‌కు మూలకణాలు ఎక్కించడం మన దేశంలో ఆమోదం పొందిన వైద్యం కాదు. అనుమతి ఉన్న రక్త మూలకణ మార్పిడులు తప్ప మిగతావన్నీ క్లినికల్ ట్రయల్‌గానే చేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే నెల్లూరులోనైనా చెన్నైలోనైనా ముందు కణం ఎక్కడిదో, ఎంత మోతాదో కాగితం మీద రాయించుకోండి. ట్రయల్ అంటే, దేశంలో ట్రయళ్లను నమోదు చేసే సీటీఆర్‌ఐ ఇచ్చిన నంబరు అడగండి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు.