చూపేదీ మాన్పేదీ ఒకటే కావాలా?

(తిరుపతి అలిపిరి రోడ్డు, టీ బంకు. ఒకరు ఎముకల డాక్టరు, పెద్దాయన. ఇంకొకరు పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు) తయారుచేసే కెమిస్టు. అతకని ఎముక దగ్గరికి పంపే పెప్టైడ్ మందుకే స్కాన్‌లో కనబడే గుర్తు కూడా తగిలించాలా, వద్దా అని పట్టుపట్టి కూర్చున్నారు.)

డాక్టరు: క్యాన్సర్‌లో చేస్తా ఉండారు కదమ్మా. డోటాటేట్ అనే పెప్టైడ్‌కు గాలియం-68 అనే రేడియోధార్మిక లోహం తగిలిస్తే గడ్డ కనబడుతుంది, లుటీషియం-177 తగిలిస్తే అదే గడ్డ మాడుతుంది. ఎముకకు ఎందుకు కుదరదంటావు?

కెమిస్టు: అక్కడ మందు లోహం సార్. పెప్టైడ్ దాన్ని మోసుకుపోయే బండి. ఇక్కడ మనం చంపేదేమీ లేదు, పెంచాలి. పెప్టైడే మందు.

డాక్టరు: మందే కనబడితే ఇంకా మేలు కదా! కాలు విరిగినోడు నెలల తరబడి నా చుట్టూ తిరుగుతాడు. ఎక్స్‌రేలో తేడా తెలియాలంటే ఖనిజం 30-40 శాతం మారాల. అందాకా మందు చేరిందో లేదో నాకెట్లా తెలిసేది?

కెమిస్టు: ఆ బాధ నిజమే సార్, కాదనను. కానీ గాలియం 68 నిమిషాలకు సగమైపోతుంది. చెన్నైలో కలిపి బండెక్కిస్తే మూడు గంటల్లో ఇక్కడికి చేరేది ఆరో వంతు. గాలియం తీసే జనరేటర్ ఇక్కడే ఉన్నా పని సులువు కాదు. పీహెచ్ 4 దగ్గర నిలిపి 95 డిగ్రీల్లో పది నిమిషాలు వేడిచేయాలి. పీహెచ్ పైకి జారితే గాలియం కొల్లాయిడై, అంటే సన్న రేణువులై, లివర్‌లో కూర్చుంటుంది. స్టీలు సూది తగిలిందంటే అందులోని ఇనుము, లోహాన్ని పట్టి ఉంచే డోటాలో గాలియం చోటు కాజేస్తుంది. ఇంతా చేస్తే బొమ్మ ఆ పూటకే. ఎముక అతికేది వారాల్లో. పోనీ వెలిగే రంగు కడదామా? ఆర్‌జీడీ అనే రింగు పెప్టైడ్ (కణాలను పట్టుకునేది) బరువు దాదాపు 600 డాల్టన్లు, వెలిగే రంగు ఇండోసయనిన్ గ్రీన్‌ది 775. కుక్క కంటే తోక పెద్దది! ఆ రంగు రక్తంలోని ప్రోటీన్లను పట్టుకుని లివర్‌కు పోయే రకం, పెప్టైడ్‌నూ లాక్కుపోతుంది. ఎంజైములు పెప్టైడ్‌ను కోసేసినాక రంగు అక్కడే మిగిలితే, వెలుగు చూసి మందుందని మోసపోతాం. మోతాదూ కలవదు: స్కాన్‌కు మైక్రోగ్రాములు చాలు, మందుకు మిల్లీగ్రాములు కావాలి.

డాక్టరు: ఆ చివరి మాట తప్పు. ఎముక పెంచే పెప్టైడ్ మందు టెరిపారటైడ్ రోజుకు 20 మైక్రోగ్రాములే ఇస్తాము.

కెమిస్టు: ఒప్పుకుంటా, మోతాదు మాట వెనక్కి తీసుకుంటా. కానీ దాన్ని రోజూ పొడవాలి. రోజూ స్కాన్ తీస్తారా?

డాక్టరు: ఎలుకల పుర్రెలో బెజ్జం పెట్టి రంగుతోనే వారాలపాటు చూసినారే!

కెమిస్టు: ఎలుక పుర్రె మీద చర్మం ఎంత మందం సార్? ఆ వెలుగు కండలో సెంటీమీటరు దాటడమే కష్టం. మీ పేషెంటు తొడ ఎముక ఎంత లోతు?

డాక్టరు: పుర్రెను తీసిపారేయొద్దు. 5 మిల్లీమీటర్ల బెజ్జాలు అటొకటి ఇటొకటి పెడితే ఒకే ఎలుకలో పోలిక దొరుకుతుంది.

కెమిస్టు: నరంలో ఎక్కించింది రెండు బెజ్జాలకూ పోతుంది. ఇంక పోలికేది?

డాక్టరు: అయితే 8 మిల్లీమీటర్లది ఒకటే పెట్టు. కానీ అది నడినెత్తి సిర మీద పడుతుంది, తెగితే ఎలుక బల్ల మీదే పోతుంది.

కెమిస్టు: డ్రిల్‌కు సెలైన్ పోస్తా నిదానంగా పోతే తెగదు.

డాక్టరు: డ్రిల్ సంగతి నాకు చెప్పొద్దులేమ్మా. రెండూ వేరు చేస్తే, గుర్తు పోయిన చోటికే మందూ పోయిందని రుజువేది? విష పరీక్షలు రెండుసార్లు. డబ్బెవరిస్తారు?

కెమిస్టు: డబ్బుకు నా దగ్గర జవాబు లేదు. రుజువుకు ఉంది. అమైనో ఆమ్లాల వరస ఒకటే. నూటికి ఒక పాలుకు గుర్తు, మిగతాది ఉత్త పెప్టైడ్. కలిపి, బెజ్జంలో ఆధారంగా పెట్టే స్కాఫోల్డ్‌లో నానబెట్టాలి. పొడిని తూచినంతా పెప్టైడ్ అనుకోకూడదు. తయారీలో మిగిలే టీఎఫ్ఏ ఉప్పు, తేమ పోగా 10 మిల్లీగ్రాముల్లో ఏడెనిమిదే ఉండొచ్చు. గుర్తుకు అయోడిన్-125. సగం కావడానికి 59 రోజులు, కాబట్టి వారాలపాటు దాని రేడియేషన్ లెక్కపెట్టొచ్చు. అయోడిన్ పట్టుకోవడానికి చివర టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి.

డాక్టరు: అదీ తోకే కదా!

కెమిస్టు: చిన్నది. ఉత్తదానికీ అదే పెడతా, రెండూ ఒకే బలంతో అంటుకుంటున్నాయా అని ముందే కొలుస్తా. ఆర్‌జీడీ బదులు ఆర్‌జీఈ ఉన్నదాన్నీ, అంటే కణాన్ని సరిగా పట్టుకోలేనిదాన్నీ, నడుపుతా. అదీ అంతే నిలిస్తే మనం చూస్తున్నది కణం మీద పెప్టైడ్ అంటుకునే రిసెప్టర్‌ను కాదు.

డాక్టరు: అయోడిన్ ఊడితే?

కెమిస్టు: థైరాయిడ్‌లో తేలుతుంది. ఎలుక గొంతు దగ్గరా రేడియేషన్ లెక్క తీయాలి. అక్కడ పెరిగితే ఆ వారం లెక్క కొట్టేయాలి.

డాక్టరు: అంతా ఎలుక దగ్గరే ఆగిపోయింది. నా పేషెంటుకో?

కెమిస్టు: చేరిందా లేదా అన్నది మొదటి గంటలో గాలియంతో చూడండి సార్. నిలిచిందా అన్నది మాత్రం ఇప్పటికి ఎలుకే చెప్పాలి.