ఫ్రీలాన్సర్‌కి స్పెషలైజేషన్: క్లయింట్ తలనొప్పి దగ్గర మొదలెట్టాలి

ఫ్రీలాన్సింగ్‌లోకి వచ్చిన ఏడాదికో రెండేళ్లకో ఎవరో ఒకరు చెప్పే మాట ఇది: "అన్నీ చేస్తానంటే ఎవరూ పిలవరు, ఒకటి పట్టుకో." మాటలో తప్పు లేదు. ఆ ఒకటి ఏమిటో తేల్చుకునే దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. చేతికి బాగా అలవాటైన సాఫ్ట్‌వేర్ పేరో, ప్రోగ్రామింగ్ భాష పేరో ప్రొఫైల్ పైన పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో అన్నిటికంటే బలహీనమైన ఎంపిక అదే. క్లయింట్ ఏ సందర్భంలో, ఏ తలనొప్పి వదిలించుకోవడానికి డబ్బు తీస్తాడో చూసి, ఆ సందర్భాన్ని పట్టుకున్నవాళ్లు ఎక్కువకాలం నిలబడతారు.

అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ సంగతే చూడండి. ఒకప్పుడు వెబ్‌లో యానిమేషన్ కావాలన్నా, గేమ్ కావాలన్నా అది తెలిసినవాళ్ల కోసం వెతికేవారు. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ని ఎందుకు రానివ్వడం లేదో చెప్పేశారు. 2017 జులైలో అడోబీ తానే దాని ముగింపు ప్రకటించింది. 2020 డిసెంబర్ 31తో కథ ముగిసింది. "ఫ్లాష్ డెవలపర్" అన్న పేరు మీదే నడిచినవాళ్లకు ఆ పేరు పనికిరాకుండా పోయింది. "ఉద్యోగుల శిక్షణకు ఇంటరాక్టివ్ పాఠాలు తయారుచేస్తాను" అని చెప్పుకున్నవాళ్లు మాత్రం కొత్త సాంకేతికత నేర్చుకుని పాత క్లయింట్లకే పని చేయగలిగారు. కంపెనీలకు శిక్షణ అవసరం ఎక్కడికీ పోలేదు కదా.

టూల్ పేరుతో అసలు డబ్బు రాదని కాదు, ఒక్కోసారి బాగానే వస్తుంది. వెబ్‌సైట్‌కి ఎంతమంది వస్తున్నారో, ఏం చూస్తున్నారో లెక్కగట్టే తన పాత టూల్ యూనివర్సల్ అనలిటిక్స్‌ని గూగుల్ 2023 జులై 1 నుంచి ఆపేస్తున్నామని ముందే చెప్పడంతో, ఉచితంగా వాడుకుంటున్న సైట్లన్నీ కొత్త వెర్షన్‌కి మారాల్సి వచ్చింది. ఆ మార్పిడి పనినే స్పెషాలిటీగా పెట్టుకున్నవాళ్లకు అది మంచి సీజన్. సీజన్ ఎప్పుడైనా సీజనే, గడువు దాటాక ఆ పని కోసం వెతికేవాళ్లు తగ్గిపోతారు. "మీ ప్రకటనల ఖర్చులో ఎంత అమ్మకంగా తిరిగొస్తోందో లెక్క తేలుస్తాను" అనేవాడు ఆ సీజన్‌లోనూ సంపాదించుకోవచ్చు, తర్వాతా సంపాదించుకోవచ్చు.

ఇక భయం సంగతి. పరిధి తగ్గించుకుంటే ఉన్న పని కూడా పోతుందేమో అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. మార్కెట్ ఎంత పెద్దదైతే శ్రమ విభజన అంత సూక్ష్మంగా జరగగలదని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే చెప్పాడు. చుట్టుపక్కలవాళ్లే క్లయింట్లుగా ఉన్న రోజుల్లో ఇరుకైన పని కడుపు నింపేది కాదు. ఇప్పుడు క్లయింట్ ఎక్కడున్నా దొరుకుతాడు, పైగా ఒక మనిషికి ఏడాది గడవడానికి కావాల్సింది పదీ పదిహేను మంచి ప్రాజెక్టులే. పోటీ కూడా ప్రపంచం నలుమూలల నుంచీ వస్తుందన్నది నిజమే. అందుకే "వెబ్ డిజైనర్" అన్న రెండు మాటలు ఇప్పుడు దాదాపు ఏమీ చెప్పవు.

తేడా ఎక్కడ కనిపిస్తుందో దగ్గరగా చూద్దాం. ఒక ఆన్‌లైన్ షాపు వాళ్లు తమ స్టోర్‌ని వేరే ప్లాట్‌ఫామ్‌కి మార్చాలనుకుంటున్నారు. ఒక డెవలపర్ నుంచి ఇలా జవాబు వస్తుంది: "ఐదేళ్ల అనుభవం ఉంది, ఏ వెబ్‌సైట్ అయినా చేస్తాను, రేటు మాట్లాడుకుందాం." స్టోర్లు మార్చడమే పనిగా పెట్టుకున్నవాడు ముందు ప్రశ్నలు పంపుతాడు: "పాత ప్రొడక్ట్ పేజీల లింకులు ఎన్ని? వాటిని కొత్త లింకులకు రీడైరెక్ట్ చేయకపోతే సెర్చ్ నుంచి వచ్చే జనం తగ్గిపోతారు. కస్టమర్ల పాస్‌వర్డులు సాధారణంగా కొత్త చోటికి రావు, వాళ్లకు ముందే మెయిల్ పంపాలి, ఆ మెయిల్ ఎవరు రాస్తారు? వాడకుండా మిగిలిన గిఫ్ట్ కార్డుల బ్యాలెన్సులు ఏం చేద్దాం? మీకు అమ్మకాలు తక్కువగా ఉండే వారం ఏది?"

గిఫ్ట్ కార్డుల సంగతి షాపు వాళ్లకే తట్టి ఉండదు. ఆ ఒక్క ప్రశ్నతో బేరం సగం ముగుస్తుంది. రెండో మనిషి మొదటివాడి కంటే మంచి ప్రోగ్రామర్ కానక్కర్లేదు. ఒకే రకం పని పదిసార్లు చేశాడు, ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలుసు.

స్పెషలైజేషన్ వల్ల రేటు పెరుగుతుందని అందరూ చెబుతారు. దానికంటే ముందు జరిగేది, పనికి ఎంత సమయం పడుతుందో మీకు తెలియడం. అది తెలిసినవాడే ధైర్యంగా ఫిక్స్‌డ్ ధర చెప్పగలడు. గంటల లెక్కన తీసుకునేవాడికి అనుభవం పెరిగేకొద్దీ ఒక్కో పని మీద వచ్చే ఆదాయం తగ్గుతుంది, నలభై గంటల పని పాతిక గంటల్లో ముగిస్తాడు కాబట్టి. ఫిక్స్‌డ్ ధర అయితే ఆ పదిహేను గంటలు తనవే.

మరి ఆ సందర్భాన్ని ఎలా కనిపెట్టాలి? "మీ ప్యాషన్ ఏమిటి" అన్న ప్రశ్నని నేను పెద్దగా నమ్మను. పాత ఇన్‌వాయిస్‌లు తీసి చూడటం మేలు. ఏ పనికి క్లయింట్ బేరమాడకుండా డబ్బిచ్చాడు? ఏ పనిలో మీ అంచనా దాదాపు సరిపోయింది? ఏ పని చూసి ఇంకొకరు మీ దగ్గరికి వచ్చారు? ఈ మూడూ ఒకే పని వైపు చూపిస్తే వెతుకులాట అక్కర్లేదు. ఇన్‌వాయిస్‌లే ఇంకా లేని కొత్తవాళ్లు అన్ని పనులూ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోవాలి కూడా. మొదటి ఏడాదిలోనే గిరి గీసుకోమనడం నాకు తొందరపాటే అనిపిస్తుంది.

ఇంకొకటి, పని మళ్లీ మళ్లీ వస్తుందా అన్నది. లోగో ఒకసారి చేయించుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. ప్యాకేజింగ్ అలా కాదు, కొత్త సైజు వచ్చినా, కొత్త రకం వచ్చినా డిజైనర్‌ని పిలవాల్సిందే. చట్టం వల్ల పుట్టే పనులు కూడా ఇలాంటివే. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 28 నుంచి యాక్సెసిబిలిటీ చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడి వినియోగదారులకు అమ్మే చాలా ఆన్‌లైన్ షాపులు వైకల్యం ఉన్నవాళ్లకూ వాడుకోవడానికి వీలుగా ఉండాలి. సైట్‌కి ఏ మార్పు చేసినా అది మళ్లీ చూసుకోవాల్సిన విషయమే.

పరిశ్రమని బట్టి ఎంచుకునేవాళ్లకు వేరే ప్రమాదం ఉంది. 2020లో విమానాలు, హోటళ్లు ఒకేసారి ఆగిపోయినప్పుడు ఒక్క పర్యాటక రంగానికే పనిచేసే రచయితలకూ డిజైనర్లకూ క్లయింట్లందరి బడ్జెట్లూ కలిసే ఎండిపోయాయి. అదే నైపుణ్యం పనికొచ్చే రెండో పరిశ్రమలో ఒకరిద్దరు క్లయింట్లని ఎప్పుడూ ఉంచుకోవడం నయం.

మొదలుపెట్టడానికి పాత క్లయింట్లని వదులుకోనక్కర్లేదు. వాళ్ల పనులు చేస్తూనే, ప్రొఫైల్‌లో మొదటి వాక్యం మార్చి, పోర్ట్‌ఫోలియోలో ఆ పనికి సంబంధించినవే పైన ఉంచి, కొత్తవాళ్లకు మాత్రం ఆ ఒక్క పని గురించే రాయాలి. మూడు నాలుగు నెలలు అలా చూసినా ఎవరూ తిరిగి ప్రశ్న కూడా వేయకపోతే ఆ సమస్య మీద డబ్బు పెట్టేవాళ్లు లేరనో, మీరు తప్పు మనుషులకు రాస్తున్నారనో అనుకోవాలి. ముందు మనుషుల్ని మార్చి చూడండి, అప్పటికీ కదలకపోతే ఆ వాక్యాన్ని మార్చండి.