కిరాయిదారును దొంగగా చూపే ఆ మెసేజ్

హనుమకొండలో సొంత ఇల్లున్న నా మిత్రులు నలుగురు ఈ నెలలో ఒకే మెసేజ్‌ను నాకు పంపారు. ‘వరంగల్ ఇంటి ఓనర్లారా, మేలుకోండి’ అని మొదలయ్యే దానిలో ఆరు హెచ్చరికలున్నాయి. 12 ఏళ్లు ఉంటే కిరాయిదారే ఇంటికి యజమాని అవుతాడట. 11 నెలల అగ్రిమెంటు ముగిసిన మర్నాడే తాళం వేసుకోవచ్చట. మామునూరుకు విమానాశ్రయం వస్తోంది గనుక కిరాయి ఇప్పుడే రెట్టింపు చేయాలట. కాలనీలు మునగడానికి కిరాయిదార్ల చెత్తే కారణమట. వాళ్ల ఒరిజినల్ ఆధార్ కార్డు మన దగ్గరే పెట్టుకోవాలట. చివరగా, ఇల్లు ‘మన వాళ్లకే’ ఇవ్వాలట. నాలుగోసారి పంపినవాడు ముప్పై ఏళ్లు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడు కావడంతో ఇక ఊరుకోలేకపోయాను.

12 ఏళ్ల మాట 1963 నాటి కాలపరిమితి చట్టం నుంచి సగం విని పుట్టింది. యజమాని హక్కును కాదని, ఇల్లు నాదేనని బాహాటంగా అనుభవిస్తున్నవాడి విషయంలో ఆ గడువు వర్తిస్తుంది. కిరాయిదారు యజమాని అనుమతితో ఇంట్లో అడుగుపెట్టాడు. అతడు నెలనెలా కట్టే కిరాయే ఆ ఇల్లు ఎవరిదో ఒప్పుకుంటోంది. కిరాయికి దిగినవాడు, ఆ కిరాయి ఒప్పందం కొనసాగినంత కాలం, దిగేనాటికి ఓనరుకు ఆ ఇంటిపై హక్కు లేదని వాదించడానికి సాక్ష్య చట్టం కూడా ఒప్పుకోదు. అందుకని 12 ఏళ్లే కాదు, 20 ఏళ్లున్నా కిరాయిదారు కిరాయిదారే. ఈ భయంతోనే పదేళ్లుగా సక్రమంగా కిరాయి కడుతున్న కుటుంబాలను ఖాళీ చేయిస్తున్న ఓనర్లు నాకు తెలుసు.

రెండో మాట ఓనర్లకే ముప్పు తెస్తుంది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి చట్టం చెబుతుంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే 11 నెలలని రాసుకుంటాం. గడువు ముగిశాక కూడా కిరాయి తీసుకుంటూ ఉంటే అది నెలవారీ ఒప్పందంగా కొనసాగుతుంది, దాన్ని ముగించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు తర్వాత కూడా కదలకపోతే కోర్టుకు వెళ్లాలి తప్ప తాళం వేయడం, కరెంటు తీసేయడం, మోటరు ఆపడం కుదరదు. ఆ పని చేసిన ఓనరే కోర్టులో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతినిచ్చిన మాట నిజమే. ప్లాటు ధర రాబోయే రోజుల మీద ఆశతో పెరగవచ్చు. ఆ వార్త వచ్చినందుకు ఆసుపత్రి నర్సు జీతం గాని, బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడే అమ్మాయి జీతం గాని పెరగలేదు, కిరాయి మాత్రం ఆ జీతంలోంచే రావాలి. ఆధార్ సంగతికి ఒక్క వాక్యం చాలు: జిరాక్స్ తీసుకోండి, కార్డు తిరిగి ఇచ్చేయండి.

చెత్త గురించిన ఆరోపణ మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. 2020 ఆగస్టులో, 2023 జులైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ నాలా పక్క కాలనీలు మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. పది హెక్టార్లకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్ల వరకు ఇల్లు కట్టరాదని 2012 నాటి 168వ జీవో చెబుతోంది. ఆ హద్దులో ప్లాట్లు చేసినవారు, కొన్నవారు, నాలా మీదికి గోడ జరిపినవారు కిరాయిదార్లా? వాళ్ల పేరున ఒక్క గజం భూమి లేదు. కింది పోర్షన్లలోకి నీళ్లు చేరినప్పుడు బియ్యం, పుస్తకాలు తడిసిపోయింది ఎక్కువగా వాళ్లవే.

ఇక ‘మన వాళ్లు’. మిగిలిన అయిదూ కలిపినా దీనంత హాని చేయవు. ఆ మాటకు అర్థమేమిటో మెసేజ్ రాసినవాడు చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుస్తుందని అతనికి తెలుసు. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవారికి గదులెన్నో చెప్పకముందే ‘మీరేంటోళ్లు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. నేరుగా అడగడానికి మొహమాటపడేవారు ఇంటిపేరు అడుగుతారు, మాంసం తింటారా అని అడుగుతారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో నేను, నా సహవిద్యార్థి ఒకరు కుమార్‌పల్లిలో ఒక గది మాట్లాడుకున్నాం. అడ్వాన్స్ ఇవ్వడానికి వెళ్లిన రోజు ఇంటాయన అతని ఇంటిపేరు విని, లోపలికి వెళ్లి వచ్చి, గది తమ బంధువులకు కావలసి వచ్చిందన్నాడు. వారం తర్వాత కూడా ఆ బోర్డు అక్కడే ఉంది. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా నా స్నేహితుడు గేటు బయటే ఆగి, ముందు నన్ను మాట్లాడి రమ్మనేవాడు.

అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఏ వాడలోనైనా ఇంట్లో ఉండనీయకపోవడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. సాంఘిక శాస్త్రం చెప్పిన మిత్రునికి ఈ సంగతి నేను చెప్పవలసి రావడం బాధగా ఉంది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు కార్మికులు, కాజీపేట రైల్వే ఉద్యోగులు, వైద్య కళాశాల విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కిరాయి గదుల్లో ఉండబట్టే ఈ నగరం ఇంతగా పెరిగింది. అందులో ‘మన వాళ్లు’ కానివారిని ఎట్లా ఏరుతారు?

ఒక విషయం ఒప్పుకోవాలి. మా అమ్మ కూడా ‘మీరేంటోళ్లు?’ అని అడిగేది. నేను పక్కనే ఉండి చాలా ఏళ్లు ఊరుకున్నాను. ఆమె భయం కులం గురించి మాత్రమే కాదు. నాన్న పోయాక పై పోర్షను కిరాయే ఆమెకు ఆధారం, ఒకసారి ఆరు నెలలు కిరాయి రాకపోతే కోర్టుకు పోయే ఓపిక ఆమెకు లేదు. అటువంటి ఓనర్ల కష్టం నిజమైనది, దానికి తొందరగా తీర్పు దొరికే దారి లేకపోవడమూ నిజం. అయితే ఆ ఆరు నెలలు ఎగ్గొట్టినవాడు మా కులంవాడే.

అగ్రిమెంటు రాసుకోండి, కిరాయికి రసీదు ఇవ్వండి, బ్యాంకు ద్వారా తీసుకోండి. నోటీసు ఎట్లా రాయాలో తెలియకపోతే నాకు ఫోన్ చేయండి, కూర్చుని రాసిస్తాను. ఆ మెసేజ్‌ను మాత్రం నాకు మళ్లీ పంపకండి.